ఖర్చుల కాగితంలో చలికి ఒక వరుస

నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి పిల్లల్ని చలిదేశాల చదువులకు పంపుతున్న కన్సల్టెన్సీల వారికి, ఆ పిల్లల తల్లిదండ్రులకు,

నమస్కారం.

నాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. కెనడాలోని విన్నిపెగ్‌కు నేను చదువుకోను పోయి వచ్చే జనవరికి మూడేండ్లు. చెల్లె పెండ్లికని మొన్న మొదటిసారి ఇంటికొచ్చాను.

వచ్చిన నాలుగో రోజు పొద్దున మా వాడకట్టులోని ఎరువుల దుకాణం ముందు జనం గుమిగూడి ఉంటే పోయి చూశాను. నాకు తమ్ముడి వరస అయ్యే పిల్లవాడు జనవరి ఇన్‌టేక్‌లో, అంటే జనవరిలో మొదలయ్యే చదువుకు, కెనడా పోతున్నాడు. యూరియా బస్తాలు తూచే కాంటా మీద వాడి సూట్‌కేసులు పెట్టి తూస్తున్నారు. ఒక్కొక్కటి 23 కిలోలు దాటొద్దు. ఒకటి 26 చూపించింది. వాళ్లమ్మ అక్కడే నేల మీద కూచుని సూట్‌కేసు తెరిచింది. అందులో ఆవకాయ, గోంగూర, నువ్వుల పొడి, సకినాలు, రెండు రకాల పప్పులు, కుక్కర్, వాటి నడుమ హైదరాబాద్‌ల కోఠిలో కొన్న ఒక నల్ల జాకెట్, జాలీ గుడ్డతో కుట్టిన తెల్లని స్పోర్ట్స్ బూట్లు. ఏది తియ్యాలో తెలియక ఆమె ఒక్కో డబ్బా చేతిలోకి తీసుకుని మళ్లీ పెడుతోంది. నన్ను చూసి, "నువ్వు ఆడ ఉన్నోనివి, చెప్పు బిడ్డా, ఇంకేమన్న మర్సిపోయినమా?" అని అడిగింది.

నాకు వెంటనే నోట మాట రాలేదు. ఆ జాకెట్ లాంటిదే నేనూ వేసుకుపోయాను. ఆ బూట్ల లాంటివే నేనూ తొడుక్కుని దిగాను.

తర్వాత వాళ్లింట్లో కూచున్నప్పుడు కన్సల్టెన్సీ వారిచ్చిన ఖర్చుల కాగితం చూపించారు. మొదటి సెమిస్టర్ ఫీజు, జీఐసీ (అక్కడి బతుకుదెరువుకని కెనడా బ్యాంకులో ముందే వేసే సొమ్ము), వీసా, వేలిముద్రలు, మెడికల్, ఇన్సూరెన్స్, విమానం టికెట్, మొదటి నెల అద్దె, సిమ్ కార్డు. పద్ధతిగా రాశారు, తప్పు పట్టను. కాగితం ఆ చివర నుంచి ఈ చివర దాకా రెండుసార్లు చదివాను. చలికని ఒక్క వరుస లేదు. మూడేండ్ల కింద నాకిచ్చిన కాగితంలోనూ లేదు.

ఈ ఉత్తరం ఆ ఒక్క వరుస కోసమే.

మన దగ్గర చలి అంటే ఏమిటో మనకు తెలుసు. మార్గశిరం, పుష్యం. తెల్లారుజామున పదిహేను డిగ్రీలకు దిగితే అమ్మలు దుప్పటి కప్పుకుని వాకిలి ఊడుస్తారు, ముసలోళ్లు గడ్డి, చిదుగులు ఏసి సలిమంట కాగుతారు. ఎనిమిదింటికి ఎండ మొహం మీద పడితే చలి పోయినట్టే. శివరాత్రికి "శివ శివా" అనుకుంటూ అదే వెళ్లిపోతుంది. ఈ చలి మనల్ని ఇబ్బంది పెడుతుంది గాని చంపదు. అందుకే పిల్లవాడు చలిదేశం పోతున్నాడంటే, ఇదే చలి ఇంకొంచెం ఎక్కువగా ఉంటుందనుకుని ఒక జాకెట్ కొనిస్తాం. మా నాయిన అట్లనే కొనిచ్చాడు, తన మీద నాకే కోపం లేదు. నల్లగొండలో పుట్టి పెరిగిన మనిషికి మైనస్ ముప్పై ఎట్లా తెలుస్తుంది? తెలిసినోళ్లు చెప్పాలి. చెప్పవలసినవాళ్లు చెప్పలేదు.

విన్నిపెగ్ ఎయిర్‌పోర్టు తలుపు తెరుచుకుని బయట మొదటి శ్వాస పీల్చగానే ముక్కులోని వెంట్రుకలు గడ్డకట్టి సూదుల్లా గుచ్చుకున్నాయి. దగ్గు వచ్చింది. మంచు మీద అడుగు వేస్తే బూటు కింద కరకరమన్నది. ఆ జాలీ బూట్లలోంచి చలి కాలివేళ్లకు చేరడానికి కారు దాకా నడిచినంత సేపు కూడా పట్టలేదు.

మనవాళ్లకు ముందుగా చెప్పవలసింది ఎండ గురించి. మనకు ఎండ అంటే వేడి. రెంటినీ విడదీసి ఆలోచించడం మన ఒంటికే రాదు. అక్కడ జనవరిలో మబ్బు లేకుండా ఆకాశం నీలంగా మెరిసి, మంచు మీద ఎండ పడి కళ్లు చెదిరే రోజే అన్నిటికన్నా చలి రోజు. మబ్బు ఉంటే అది దుప్పటిలా కొంత వేడిని కింద పట్టి ఉంచుతుంది. ఆకాశం విప్పారితే నేల వేడంతా పైకి పోతుంది. నేను పోయిన రెండో వారంలో కిటికీలోంచి అట్లాంటి ఎండను చూసి, ఇయ్యాల పర్వాలేదనుకుని టోపీ లేకుండా బస్సు కోసం పోయాను. ఫోన్‌లో మైనస్ 31 అని ఉంది. దాని కింద గాలి కలిపితే మైనస్ 43 అని ఇంకో అంకె ఉంది. ఆ రెండో అంకె ఏమిటో నాకు ఎవరూ చెప్పలేదు.

మన ఒంటి చుట్టూ ఒంటి వేడితో వెచ్చబడిన సన్నని గాలిపొర ఉంటుంది. గాలి వీస్తే అది కొట్టుకుపోతుంది. అందుకే గాలి ఉన్నప్పుడు ఒళ్లు ఎంత వేగంగా చల్లబడుతుందో చెప్పే లెక్క అది. కెనడా వాతావరణ శాఖ దాన్నిబట్టే హెచ్చరిస్తుంది. ఆ రెండో అంకె మైనస్ 28 నుంచి 39 మధ్య ఉంటే కప్పుకోని చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టవచ్చు. మైనస్ 40 నుంచి 47 మధ్య అయితే ఐదు నుంచి పది నిమిషాలే. నేను బస్సు కోసం నిలుచున్నది పావుగంట పైన.

మొదట చెవులు మండినాయి. తర్వాత నొప్పి పుట్టింది. ఆ తర్వాత నొప్పి ఆగింది. నాకు హాయిగా అనిపించింది, అలవాటు పడ్డాననుకున్నాను. నొప్పి తగ్గితే నయమైందనుకోవడం మనకు పుట్టినప్పటి నుంచి వచ్చిన తెలివి. ఆ చలిలో మాత్రం నొప్పి ఆగడమే అపాయం, అక్కడి చర్మానికి స్పర్శ పోయిందని అర్థం. పక్కన నిలుచున్న ఒక పెద్దావిడ నా మొహం దిక్కు చూసి గబగబా దగ్గరికొచ్చింది. నా చెవి కొన మైనంలా తెల్లగా అయిందట. నేను రుద్దబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. రుద్దితే గడ్డకట్టిన చర్మం లోపల్లోపలే చిట్లుతుంది. ఆమె తన మెడ చుట్టూ ఉన్న ఉన్ని గుడ్డ విప్పి నా తలకు, చెవులకు చుట్టి కట్టింది. బస్సు దిగేటప్పుడు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. ఇప్పటికీ కొంచెం చల్లగాలి తగిలితే నా ఎడమ చెవి కొన మిగతా ఒంటి కంటే ముందే సలుపుతుంది.

ఇప్పుడు తల్లిదండ్రులకు ఒక మాట. ఇది నేను మూడేండ్లు దాచిన మాట. మా అమ్మానాయిన కూడా దీన్ని ఈ ఉత్తరంలోనే చదువుతారు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం. అక్కడ పొద్దున, ఇక్కడ రాత్రి. విన్నిపెగ్‌లో రెండు నదులు కలిసే చోటు ఒకటుంది. చలికాలం నది గడ్డకడితే దాని మీద తొవ్వ చేస్తారు, పిల్లలు, ముసలివాళ్లు స్కేటింగ్ చేసుకుంటూ పోతుంటారు. నేను అక్కడ ఉన్నానని తెలిసి నాయిన వీడియో కాల్ చేశాడు. మా ఇంట్లో పెదనాయిన, మేనత్త, పక్కింటివాళ్లు అందరూ కూచున్నారు. "మంచు సూపియ్యి బిడ్డా, అటు తిప్పు, నది సూపియ్యి." ఫోన్ తెర మీద నొక్కాలంటే ఉన్ని తొడుగులో వేలు పనిచెయ్యదు. కుడిచేతి తొడుగు తీశాను. నది చూపించాను. నది మీద నడిచే మనుషుల్ని చూపించాను. "మన సాగర్ నీళ్లు గట్ల గడ్డకడితే ఎట్లుంటుండె!" అని పెదనాయిన ఆశ్చర్యపోతుంటే నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. నన్ను పంపడానికి నూటికి రెండు రూపాయల మిత్తికి అప్పు తెచ్చిన మనుషులు వాళ్లు. వాళ్ల మొహంలో ఆ వెలుగు నేను తెచ్చింది. ఫోన్ పెట్టెయ్యమని ఎట్లా అనగలను?

అంత చలిలో ఫోన్ బ్యాటరీ నిలవదు. సగానికి పైగా ఛార్జింగ్ ఉండగానే దానంతటదే ఆరిపోయింది. అది ఆరిపోవడమే మంచిదైంది. అప్పటికి నా చూపుడువేలు, నడిమివేలు కొనలు కట్టెల్లా ఉన్నాయి. ఇంటికి చేరి గోరువెచ్చని నీళ్లలో పెట్టినప్పుడు తేలు కుట్టినట్టు సలిపాయి. మర్నాటికి నీటిబుగ్గలు లేచాయి. డాక్టరు చూసి వేళ్లకు ముప్పు లేదన్నారు గాని, ఏప్రిల్ దాకా ఆ రెండు వేళ్ల కొనలకు మొద్దుతనం పోలేదు. కట్టు చూసి అమ్మ అడిగితే ఉల్లిగడ్డ తరుగుతుంటే కోసుకుపోయిందని చెప్పాను.

అమ్మా, అది కత్తి గాయం కాదు. నాయినా, నీ తప్పు కూడా కాదు. నీకు తెలియదు, నేను చెప్పలేదు.

అందుకే తల్లిదండ్రులను చేతులు జోడించి అడుగుతున్నాను. పిల్లలు బయట ఉన్నామంటే "ఇంటికి పోయినంక చెయ్యి" అని ఫోన్ పెట్టెయ్యండి. మంచు కిటికీలోంచి కూడా కనపడుతుంది. పిల్లలు మీకు కష్టం చెప్పరు. అప్పు వాళ్ల నెత్తి మీద ఉందని ప్రతి రోజూ గుర్తుంటుంది. ఆ అప్పులో ఒక రూపాయి తగ్గించాలని వాళ్లు మొదట కోసుకునేది ఒంటి మీది బట్టను, కాలికింది బూటును.

ఇక బట్టల సంగతి. మాది పత్తి పండే జిల్లా. ఒంటికి నూలు బట్ట మంచిదని తరతరాలుగా నమ్మినవాళ్లం, నలభై ఐదు డిగ్రీల ఎండలో అది నిజం కూడా. నూలు చెమట పీల్చుకుంటుంది, ఆ తడి ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. మైనస్ ఇరవైలో అదే గుణం ప్రాణం మీదికి తెస్తుంది. బస్సు అందుకోవాలని ఉరికితే లోపలి బనియను చెమటతో తడుస్తుంది, నిలుచున్న చోట ఆ తడి ఒంటి వేడినంతా లాగేస్తుంది. ఇది అర్థమైన రోజు నాకు మా తాత యాదికొచ్చాడు.

మా తాత గొర్లు కాసేవాడు. వానలో, చలిలో, చేన్ల మంద పెట్టిన రాత్రుల్లో ఆయన ఒంటి మీద ఒకటే గొంగడి. మా దక్కనీ గొర్ల నల్ల ఉన్ని వడికి, చింతగింజల గంజి పట్టించి నేసింది. చిన్నప్పుడు దాన్ని కప్పుకుంటే గీరుకుంటుందని ఏడ్చేవాడిని. గొంగడి తడిసినా వెచ్చదనం పోదని తాత అంటుండేవాడు. ఆయన చెప్పింది ఉన్ని ధర్మం. విన్నిపెగ్ దుకాణంలో లోపల తొడుక్కునే ఉన్ని బనియను మీద రాసిన నాలుగు మంచి గుణాలు చదువుతుంటే అవన్నీ తాత నోటి నుంచి విన్నవే అనిపించింది. ఒంటికి తగిలే పొర నూలు కాకూడదు, ఉన్నిదో, చెమటను బయటికి పంపే సింథటిక్‌దో కావాలి. దాని మీద గాలిని పట్టి ఉంచే మందపాటి పొర. అన్నిటికీ పైన గాలి దూరని కోటు, పిరుదులు దాటి కిందికి ఉండాలి, తలకు టోపీ ఉండాలి. చేతులకు ఐదు వేళ్లు విడివిడిగా ఉండే తొడుగులకంటే నాలుగు వేళ్లు కలిసి ఉండేవే వెచ్చన, ఒక వేలు వేడి ఇంకో వేలికి అందుతుంది. బూట్లు అరసైజు, ఒక సైజు పెద్దవి కొనుక్కోవాలి. బిగుతు బూట్లో మూడు జతల సాక్సులు వేస్తే లోపల గాలికి చోటుండదు, నెత్తురు సరిగ్గా ఆడదు, కాలు ఇంకా చల్లబడుతుంది. నేను అదే చేసి ఒక నెల బాధపడ్డాను.

ఇవన్నీ ఇక్కడ కొనిపంపమని అనడం లేదు. ఇక్కడి దుకాణాల్లో దొరికేది ఆ చలికి ఆగదు. పైసలు పంపండి, అక్కడ కొనుక్కోనివ్వండి. అక్కడ ఒకరు వాడి ఇచ్చిన బట్టలు అమ్మే దుకాణాలుంటాయి. పరాయివాళ్లు తొడిగిన బట్ట ముట్టుకోవడం మనకు మనసొప్పదు. నాకూ ఒప్పలేదు. చివరికి నా కోటు అక్కడే కొన్నాను. బూట్లు మాత్రం కొత్తవి. కోటు, బూట్లు, లోపలి పొరలు, తొడుగులు, టోపీ కలిపి నాకు 420 కెనడా డాలర్లయ్యాయి, మన లెక్కలో పాతికవేల పైన. విమానం టికెట్‌కు లక్ష పెట్టినవాళ్లం ఈ పాతికవేలు పెట్టలేమా? పెట్టగలం. కాగితంలో వరుస లేక పెట్టలేదు. వరుస లేని ఖర్చు అనవసరపు ఖర్చనిపిస్తుంది. నేను చెవి పాడైన తర్వాత కూడా పది రోజులు ఆలోచించాను ఆ కోటు కొనడానికి.

కన్సల్టెన్సీల వారు ఇక్కడ ఒక మాట ఆలోచించాలి. కెనడా ప్రభుత్వం విద్యార్థి తన బతుకుదెరువుకు చూపించవలసిన సొమ్మును 2024 జనవరి 1 నుంచి 10,000 డాలర్ల నుంచి 20,635 డాలర్లకు పెంచింది, ఆ తర్వాత ఇంకా పెంచింది. ఆ సొమ్ము వీసా కోసం చూపించి వెనక్కి తీసుకునేది అన్నట్టు మనవాళ్లు మాట్లాడుతుంటే విన్నాను. పోయిన పిల్లవాడు మొదటి నెలే అందులోంచి ఇంటికి తిరిగి పంపాలని ఒప్పందం చేసుకున్న ఇండ్లు నాకు తెలుసు. అది పిల్లవాడు తినడానికి, ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి, కాళ్లకు బూట్లు కొనుక్కోవడానికి. దయచేసి ఆ మాట తల్లిదండ్రులను కూచోబెట్టి చెప్పండి.

మా అమ్మ పుట్టిల్లు కల్వకుర్తి దిక్కు. మా మేనమామలు పాలమూరు లేబర్‌గా దేశమంతా తిరిగినవాళ్లు, కాలువలు తవ్వినవాళ్లు, డ్యాములకు రాళ్లు మోసినవాళ్లు. గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయేవాడు. ఆ అడ్వాన్సులో ఎన్ని బతుకులు చిక్కుకున్నాయో పాలమూరుకు నేను చెప్పనక్కర లేదు, ఆ పద్ధతిని నేను మెచ్చుకోవడం లేదు. కాని గుంపులో పోయేవాడు ఒంటరిగా పోయేవాడు కాదు. అంతకుముందు ఆ చోటు చూసి వచ్చిన పెద్దవాళ్లు గుంపులో ఉండేవాళ్లు. ఏ దిక్కు గాలి కొడుతుంది, గుడిసె తలుపు ఎటు పెట్టాలి, ఏ నీళ్లు తాగొద్దు అనేది దారిలోనే చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు ఇరవై రెండేండ్ల పిల్లవాడు శంషాబాద్‌లో విమానమెక్కి, మైనస్ ముప్పైలో ఒక్కడే దిగుతున్నాడు. చదువు ఎక్కువే, ఇంగ్లీషు వచ్చు. చలి గురించి చెప్పే పెద్దమనిషి మాత్రం వెంట లేడు.

అందులోనూ జనవరి ఇన్‌టేక్. సెప్టెంబర్‌లో పోయినవాడికి చలి మెట్టు మెట్టుగా దిగుతుంది. అక్టోబర్‌లో ఒక స్వెట్టరు, నవంబర్‌లో ఒక కోటు, తోటివాళ్లను చూసి నేర్చుకుంటాడు. జనవరిలో పోయినవాడు ఏడాదిలోకెల్లా గడ్డు వారంలో నేరుగా పడతాడు. ఆ పిల్లలకు వేరుగా చెప్పాలి.

ఇంకో సంగతి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. మేం ఆరుగురం ఒక ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్లం. ఒక రాత్రి ఇల్లు వెచ్చబరిచే ఫర్నేస్ ఆగిపోయింది. మాతో ఉన్న ఒకతను, మన ఉమ్మడి జిల్లావాడే, పెరట్లో ఉన్న బొగ్గుల పొయ్యిని లోపలికి తెచ్చి ముట్టించాడు. మనకది తప్పనిపించదు. బాలింత గదిలో కుంపటి పెట్టే ఇండ్లలో పుట్టినవాళ్లం. అయితే మన పెంకుటిండ్లలో సందులుంటాయి, తలుపు కింద గాలి ఆడుతుంది. అక్కడి ఇండ్లు చలిగాలి దూరకుండా డబ్బాలా మూసి కడతారు. బొగ్గులు కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మత్తు, నిద్ర, అంతే. గోడకున్న అలారం ఒక్కసారిగా మోగింది. పైఅంతస్తులో ఉండే ఇంటాయన చెప్పులు కూడా తొడుక్కోకుండా దిగి వచ్చి తలుపులు తెరిచి మమ్మల్ని మంచులోకి తోశాడు. అప్పుడు ఆయన మొహంలో చూసిన భయం నేను మర్చిపోలేను. ఆ అలారంలో బ్యాటరీ లేకుంటే ఆరిండ్లకు ఇక్కడ ఫోన్లు వచ్చేవి. కారు ఇంజను నడుస్తుండగా వెనక పొగగొట్టం మంచులో కూరుకుపోయినా ఇదే ప్రమాదం.

చిన్న చిన్నవి ఇంకా ఉన్నాయి. ఆడపిల్లలు తలస్నానం చేసి తడి జుట్టుతో బయటికి పోకూడదు, జుట్టు పుల్లల్లా బిగుసుకుంటుంది. హీటర్ గాలికి ఇంట్లో తేమ ఉండదు, ముక్కులోంచి నెత్తురు కారితే పెద్ద రోగమని బెదరొద్దు, గదిలో నీళ్లగిన్నె పెట్టుకుంటే కొంత నయం. తెల్లని మంచు కంటే రోడ్డు మీద కనిపించని పలచని గడ్డ ప్రమాదం, దాని మీద చిన్న అడుగులు వెయ్యాలి, చేతులు జేబుల్లో పెట్టుకుని నడవకూడదు.

చీకటి మాత్రం చిన్న సంగతి కాదు. డిసెంబర్‌లో మనకు పదకొండు గంటల పగలుంటే విన్నిపెగ్‌లో ఎనిమిదే గంటలు. పొద్దున ఎనిమిది దాటాక తెల్లారుతుంది, సాయంత్రం నాలుగున్నరకల్లా పొద్దుగూకుతుంది. చీకట్లో కాలేజీకి పోయి, చీకట్లో పనికి పోయి, చీకట్లో ఇంటికొస్తే పిల్లలకు ఏదో అవుతుంది. ఆకలి మారుతుంది, నిద్ర చాలదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. చలికాలం వెలుగు తగ్గితే వచ్చే ఈ దిగులును డాక్టర్లు 1984లోనే జబ్బుగా గుర్తించి పేరు పెట్టారు. నేను ఆ దిగులులో ఉన్న రోజుల్లో ఇంటికి ఫోన్ చెయ్యలేదు. "పెద్దోడయిండు, మమ్మల్ని మర్సిండు" అని అమ్మ చెల్లెతో అన్నదట. అమ్మా, నేను మంచం దిగలేకపోయాను. మధ్యాహ్నం వెలుగున్న గంట బయట నడవడం, డాక్టరు చెప్పిన విటమిన్ డి మాత్రలు, వారానికోసారి నలుగురం కలిసి వండుకుని తినడం, వీటితో లేచాను. మీ పిల్లలు డిసెంబర్, జనవరుల్లో మూగబోతే కోపం చేసుకోకండి. అడగండి. తిన్నావా అని అడిగినట్టే వెలుగులో నడిచావా అని అడగండి.

కన్సల్టెన్సీల వారూ, మీరు చెయ్యవలసింది పెద్ద పని కాదు. మీరిచ్చే ఖర్చుల కాగితంలో మొదటి నెల అద్దె కింద "చలి బట్టలు, బూట్లు" అని ఒక వరుస రాయండి, పక్కన అంకె వెయ్యండి. ఆ అంకె చూస్తే తల్లిదండ్రులు ఎట్లయినా సర్దుతారు, అది నాకు తెలుసు. పిల్లలు పోయే ముందు ఒక పూట, అక్కడ ఒక చలికాలం గడిపిన ఎవరినైనా పిలిచి మాట్లాడించండి. సెలవులకు వచ్చినవాళ్లం ప్రతి మండలంలో ఉన్నాం, పిలిస్తే వస్తాం, పైసలు అక్కర లేదు. మీ ఆఫీసు గోడ మీద మంచులో నవ్వుతున్న విద్యార్థుల ఫోటోలుంటాయి. వాళ్ల ఒంటి మీద ఎన్ని పొరలున్నాయో ఆ ఫోటో కిందే రాయండి.

నిన్న సాయంత్రం ఆ తమ్ముడు, వాళ్లమ్మ మా ఇంటికి వచ్చారు. నేను విన్నిపెగ్‌లో ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు దాకా వేసుకొచ్చిన పాత కోటు ముందటింట్లో మొల మీద వేలాడుతుంటే తీసి వాడికి తొడిగాను. వాడు వాకిట్లో రెండు చుట్లు తిరిగేసరికి చెమటలు పట్టాయి. వాళ్లమ్మ ఉన్ని తొడుగులో చెయ్యి పెట్టి చాలాసేపు అట్లనే ఉంచుకుంది. "మా తాత గొంగడి లెక్కనే ఉన్నది" అన్నది. తర్వాత కన్సల్టెన్సీ కాగితం అడిగి తెప్పించుకుని, అద్దె వరుస కింద పెన్నుతో "సలి బట్టలు" అని రాసింది. జాలీ బూట్లు సూట్‌కేసులోంచి తీసేశారు. ఆ బరువుకు గోంగూర డబ్బా మళ్లీ లోపలికి పోయింది.

ఆ కోటు వాడితో పోతోంది. వాడు అక్కడ తనది కొనుక్కున్నాక, తిరిగి వచ్చే మనవాళ్లెవరి చేతనైనా మా అమ్మకు పంపుతాడు. వచ్చే ఏడు జనవరిలో దేవరకొండ, కల్వకుర్తి దిక్కు నుంచి ఎవరు పోతున్నా మా ఇంటికి వచ్చి తీసుకుపోవచ్చు. నేను సంక్రాంతి దాకా ఇక్కడే ఉంటాను. సాయంత్రం ఐదు తర్వాత ఎప్పుడైనా రండి, పిల్లల్ని వెంటబెట్టుకుని రండి. బూట్లు కూడా ఉన్నాయి, కాలు పెట్టి చూడవచ్చు.

ఇట్లు,
దేవరకొండ దగ్గరి పల్లె నుంచి పోయిన ఒక విద్యార్థి